పన్నెండో వారంలో చెప్పవలసిన మాట



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ డాక్టరమ్మ గారి దగ్గరే నేను పురుళ్ళు పోయడం నేర్చుకున్నాను. ఆవిడకు పొగడ్తలంటే పడేది కాదు. ఎవరైనా మొదలుపెడితే "వార్డులో పనేమీ లేదా?" అనేవారు. అందుకని ఆవిడ గురించి ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వెళతాను. ఆవిడ ఓ.పి.లోకి గర్భిణి ఒక్కతే రావాలి. అత్తగారైనా, కన్నతల్లైనా, కట్టుకున్నవాడైనా బయట బల్ల మీద కూర్చోవలసిందే. కాసేపటికి వాళ్ళనూ పిలిచేవారు, వాళ్ళు చెప్పేదీ ఓపిగ్గా వినేవారు. కానీ మొదటి మాట ఆమెతోనే. జిల్లా ఆస్పత్రి రద్దీలో ఈ పద్ధతి నిలబెట్టడానికి ఆవిడ ఎంతమందితో తగాదా పడ్డారో ఇక్కడున్న పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

ఇవాళ నేను ఎంచుకున్న విషయం 35 దాటాక నెల తప్పిన స్త్రీ గురించి. కడుపులో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందో లేదో తెలుసుకునే పరీక్షలు చేయించుకోవాలా వద్దా అని ఆమె తేల్చుకోవడం గురించి. ఆ తేల్చుకోవడమనేదే మన దగ్గర జరగడం లేదన్నది నా ఫిర్యాదు. ఒకచోట డాక్టరు చీటీ మీద టిక్కు పెడతారు, రక్తం తీస్తారు, అది దేనికోసమో ఆమెకు తెలియదు. ఇంకోచోట ఐదో నెల స్కానింగులో ఏదో కనబడేదాకా ఎవరూ నోరు విప్పరు. రెండు చోట్లా నిర్ణయమైతే జరిగిపోయింది, ఆమెను అడక్కుండా.

2017 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. మహారాష్ట్రకు చెందిన 37 ఏళ్ళ స్త్రీ తన 26 వారాల గర్భం తీయించుకోవడానికి అనుమతి కోరింది. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందని తేలింది. తల్లి ప్రాణానికి ముప్పు లేదని వైద్య బోర్డు చెప్పింది. అప్పటి చట్టంలో గడువు 20 వారాలు. జస్టిస్ బోబ్డే, మన తెలుగువాడైన జస్టిస్ నాగేశ్వరరావు ఉన్న ధర్మాసనం అనుమతి ఇవ్వలేదు. మర్నాడు పత్రికల నిండా చర్చ. ఆ బిడ్డకు బతికే హక్కు ఉందని కొందరు, ఆ తల్లి ఒంటి మీద కోర్టుకేం హక్కని కొందరు. నాకు మాత్రం మొట్టమొదట తట్టిన ప్రశ్న వేరు: 26 వారాలు ఎలా అవుతాయి? ఆ కుటుంబం సంగతి పక్కన పెడదాం. మన ఊళ్ళలో, మన ఆస్పత్రుల్లో ఎలా అవుతాయో చెబుతాను.

ముందుగా, మన దగ్గర లేటు వయసులో తల్లులయ్యేది ఎవరు? ఇది అడగాల్సిన ప్రశ్నే. ఎందుకంటే తెలుగు రాష్ట్రాల్లో ఆడవాళ్ళు చాలామంది పాతికేళ్ళు వచ్చేసరికి ఇద్దరిని కని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించేసుకుంటారు. దేశంలోకెల్లా చిన్న వయసులో ఆ ఆపరేషన్ జరిగే ప్రాంతాల్లో మనది ఒకటి. అంచేత లేటు కాన్పు అనగానే హైటెక్ సిటీలో చదువూ, ఉద్యోగమూ, వీసా అయ్యాక 36కి పెళ్ళి చేసుకున్న అమ్మాయే అందరికీ గుర్తొస్తుంది. ఆమె ఉంది, నిజమే. ఆమె పక్కనే మరో ఇద్దరున్నారు. ఒకామె ఆపరేషన్ అయిన పదిహేనేళ్ళకు చేతికందొచ్చిన కొడుకును బైకు ప్రమాదంలోనో, చెరువులోనో పోగొట్టుకుని, మళ్ళీ ట్యూబులు కలిపించుకోవడానికి వస్తుంది. అప్పటికి ఆమెకు 38, 40 ఉంటాయి. ఆ కడుపు నిలిస్తే దాన్ని పోయినవాడే మళ్ళీ వస్తున్నాడని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. అలాంటి కడుపుతో కూర్చున్న ఆమెతో డౌన్ సిండ్రోమ్ పరీక్ష అనే మాట ఎత్తడం ఎంత కష్టమో ఊహించండి. ఎత్తకపోవడమూ అంతే తప్పు.

రెండో ఆమె ఏళ్ళ తరబడి పిల్లల కోసం తిరిగి తిరిగి, చివరికి ఐవీఎఫ్‌తో గర్భవతి అయిన మనిషి. 2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ళ ఆమె కవలలను కన్నప్పుడు దేశమంతా నోరు వెళ్ళబెట్టింది. ఆ తర్వాత 2021లో వచ్చిన చట్టం ఈ చికిత్సకు స్త్రీ వయసును 50కి పరిమితం చేసింది. ఆ వార్త చూసి నన్ను చాలామంది అడిగారు, "అంత వయసులో పుట్టిన పిల్లలకు డౌన్ సిండ్రోమ్ రాదా?" అని. జవాబేమిటంటే, ఆ లెక్క మోసే తల్లి వయసుది కాదు, అండం వయసుది. దాత అండమైతే దాత వయసే లెక్క. ఇప్పటి చట్టం ప్రకారం దాతలు 23 నుంచి 35 ఏళ్ళ లోపువాళ్ళే. ఇందులో ఒక చిక్కుంది. దాత అండమన్న సంగతి మనవాళ్ళు తోడబుట్టినవాళ్ళ దగ్గర కూడా దాస్తారు. పరీక్ష ఫారం నింపే అమ్మాయికి ఎందుకు చెబుతారు? ఆ అమ్మాయి 46 అని రాసుకుంటుంది. యంత్రం 46కే లెక్క కడుతుంది. హై రిస్క్ అని రిపోర్టు వస్తుంది. ఇక ఆ ఇంట్లో నిద్రలుండవు. అసలు వయసు 26 అని ఫారంలో ఉంటే ఆ కాగితం ఇంకోలా వచ్చేది. దయచేసి ఆ ఒక్క నిజం ఫారంలో రాయించండి. 

మరి అండం వయసుకీ దీనికీ సంబంధమేమిటి? ఈ విషయం లెక్కలతో తేల్చినవాడు ఇంగ్లండులో లయొనెల్ పెన్‌రోజ్. అప్పట్లో తల్లి వయసా, తండ్రి వయసా, ఎన్నో కాన్పన్నదా, ఏది కారణమో తేలేది కాదు. మూడూ కలిసే పెరుగుతాయి కదా. 1933, 1934ల్లో ఆయన లెక్కలు కట్టి ఆ మూడింటినీ విడదీసి, తల్లి వయసే కీలకమని తేల్చాడు. క్రోమోజోముల సంగతి బయటపడడానికి మరో పాతికేళ్ళు పట్టింది. 1959లో పారిస్ నుంచి వచ్చిన ఆ చిన్న పరిశోధన పత్రం మీద మొదటి పేరు జెరోమ్ లెజూన్‌ది. కానీ ట్రూసో ఆస్పత్రిలో కణాలను పెంచే ప్రయోగశాలను దాదాపు వట్టి చేతులతో నిలబెట్టింది మార్త్ గోతియే అనే డాక్టరమ్మ. ప్లాస్మా కోసం కోడిపుంజును పెంచి, సీరం కోసం తన రక్తమే తీసి వాడిందట. పత్రంలో ఆమెది రెండో పేరు, అదీ తప్పుగా అచ్చయింది. ఇది విషయానికి కాస్త పక్క సంగతే అయినా, ఈ సభలో నేను చెప్పకపోతే మా డాక్టరమ్మ గారు ఒప్పుకోరు.

ఆడపిల్ల అండాలన్నీ ఆమె తన తల్లి కడుపులో ఉండగానే తయారవుతాయి. క్రోమోజోములు జంట కట్టి, విడిపోవాల్సిన పని సగంలో ఆగుతుంది. ఆ పని మళ్ళీ మొదలయ్యేది ఆ అండం విడుదలయ్యే నెలలోనే. అది ఆమెకు 20 ఏళ్ళప్పుడు కావచ్చు, 41 ఏళ్ళప్పుడు కావచ్చు. అంతకాలమూ ఆ జంటలను పట్టి ఉంచేది కొహెసిన్ అనే ప్రోటీను. దానికి కొత్త సరుకు వచ్చి చేరడం దాదాపు ఉండదు. పెట్టెలో మడతపెట్టి ఉంచిన పట్టుచీర కట్టకపోయినా ఏళ్ళు గడిస్తే మడతల దగ్గర విచ్చుతుంది చూడండి, ఇదీ అలాంటిదే. పట్టు సడలిన జంట సరిగ్గా విడిపోక, 21వ క్రోమోజోములు రెండూ అండంలోనే ఉండిపోతాయి. తండ్రి నుంచి ఒకటి వచ్చి కలిస్తే మూడవుతాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో నూటికి 95 మందికి ఇలా విడి క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటుంది. ఆ అదనపు క్రోమోజోము పదింట తొమ్మిదిసార్లు తల్లి వైపు నుంచే వస్తుంది.

ఈ చివరి వాక్యం చాలా ప్రమాదకరమైనది. అత్తగారి చెవిన పడితే "అదుగో, నీలోనే ఉంది లోపం" అయి కూర్చుంటుంది. ఆ విభజన తప్పడంలో ఆమె తిన్నదీ, చేసిందీ, గ్రహణం రోజున కదిలిందీ, మెదిలిందీ ఏమీ లేదు. మరో మాట కూడా రోజూ వింటాం: "మాది మేనరికం కాదండీ, మా ఇంటా వంటా లేదు, మాకెందుకు వస్తుంది?" మేనరికంతో వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. అవి ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే జన్యులోపం కలవడం వల్ల వచ్చేవి. డౌన్ సిండ్రోముకూ మేనరికానికీ సంబంధం లేదు. అక్కకూతుర్ని చేసుకున్నా, అమెరికా సంబంధం చేసుకున్నా 40 ఏళ్ళకు లెక్క ఒకటే. ముందు ఇద్దరు బంగారంలా పుట్టారు కనుక భయం లేదనుకోవడమూ అంతే. ఆ ఇద్దరూ పుట్టినప్పుడు ఆమెకు 21, 23.

ఆ లెక్క సుమారుగా ఇదీ. పాతికేళ్ళకు పుట్టే బిడ్డల్లో 1250 మందికి ఒకరు. 35కి 350 మందికి ఒకరు. 40కి వందకు ఒకరు. 45కి ముప్ఫై మందికి ఒకరు. చూడగానే గుండె గుభేలుమంటుంది. అదే లెక్కను తిరగేసి చదవండి. 40 ఏళ్ళ తల్లులు వందమందిలో 99 మందికి ఈ సమస్య లేని బిడ్డే పుడుతుంది. మేము రెండూ చెప్పాలి. భయపెట్టాలనుకున్న డాక్టరు మొదటిదే చెబుతారు, ఊరడించాలనుకున్నవాళ్ళు రెండోదే చెబుతారు.

35 అన్న గీత ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. 35వ పుట్టినరోజున ఒంట్లో ఏ తలుపూ మూసుకోదు. ఉమ్మనీరు తీసి పరీక్షించడం మొదలైన కొత్తలో, ఆ సూది వల్ల గర్భం పోయే ప్రమాదం రెండొందలకు ఒకటి అనుకునేవాళ్ళు. నడి గర్భంలో క్రోమోజోముల లోపం కనబడే అవకాశం దాదాపు ఆ స్థాయికి చేరేది 35 దగ్గర. ఆ బేరీజుతో గీసిన గీత అది. మన దేశంలో అది చట్టంలోకీ ఎక్కింది. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం, నిర్ధారణ పరీక్షలు ఎవరికి చేయవచ్చో చెబుతూ పెట్టిన మొదటి షరతు 35 దాటిన వయసే. రెండు మూడుసార్లు గర్భం పోయినవాళ్ళు, కుటుంబంలో అలాంటి లోపం ఉన్నవాళ్ళు తర్వాత వస్తారు. ఇప్పుడా సూది ప్రమాదం 500కు ఒకటి, ఇంకా తక్కువేననే అధ్యయనాలూ ఉన్నాయి. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2007లోనే, వయసుతో పని లేకుండా స్క్రీనింగ్ సంగతి ప్రతి గర్భిణికీ చెప్పాలంది. ఎందుకంటే విడివిడిగా చూస్తే పెద్ద వయసు తల్లికి ప్రమాదం ఎక్కువ, మొత్తంగా చూస్తే డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఎక్కువమంది పుట్టేది చిన్న వయసు తల్లులకే. కాన్పుల్లో సింహభాగం వాళ్ళవే కదా. పాతికలోపు పెళ్ళీ కాన్పులూ ముగించే మన దగ్గర ఇది మరీ నిజం.

పరీక్షల సంగతి. ఇందులో మన ఆడవాళ్ళకు ఎదురయ్యే గందరగోళమంతా ఒక్క చోట నుంచే పుడుతుంది: అవకాశం ఎంతో చెప్పేది ఒకటి, ఉందో లేదో చెప్పేది మరొకటి. స్క్రీనింగ్ మొదటి రకం. పదకొండో వారం నుంచి పద్నాలుగో వారం నిండేలోపు చేసే ఎన్‌టీ స్కాన్‌లో బిడ్డ మెడ వెనక నీటి మందం కొలుస్తారు. దానికి డబుల్ మార్కర్ రక్తపరీక్ష కలిపి, వయసు జోడించి, 1:180 అనో 1:2400 అనో ఒక అంకె ఇస్తారు. ఇది డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాల్లో నూటికి 85, 90 పట్టుకుంటుంది, పట్టుకోవడంలో భాగంగా ఏమీ లేని నూటికి ఐదుగురినీ భయపెడుతుంది. అన్ని వయసులకూ కలిపి చెప్పే మాట అది. వయసే లెక్కలో ఒక పద్దు కనుక 40 దాటినవాళ్ళలో ఈ భయపడేవాళ్ళ సంఖ్య చాలా పెరుగుతుంది. 1:180 ఎర్ర అక్షరాల్లో వస్తే "పాజిటివ్ వచ్చింది" అని ఫోన్లో చెప్పేస్తారు. ఆ ఒక్క మాటతో ఆమె బిడ్డకు జబ్బు ఖాయమైపోతుంది. 180 మందిలో 179 మంది బిడ్డలకు అది లేదన్నమాట ఆ ఫోన్లో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఎన్ఐపీటీ వచ్చింది. బిడ్డ మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చే డీఎన్ఏ తునకలను లెక్కపెట్టే పరీక్ష. ఆ తునకలు అక్కడ ఉంటాయని 1997లో చూపించినవాడు హాంకాంగ్ పరిశోధకుడు డెన్నిస్ లో. 2011 నుంచి బజారులో ఉంది. పదో వారం నుంచీ చేయవచ్చు, సూది ప్రమాదం లేదు, ఖర్చు మాత్రం వేలల్లో. నూటికి 99 పట్టుకుంటుందని ప్రకటనలు వేస్తారు. నిజమే. అయితే ఆ 99 చూసి, రిపోర్టు 99 శాతం నిజమనుకుంటారు, అక్కడే వస్తుంది తంటా. లెక్క కట్టి చూపిస్తాను. 40 ఏళ్ళ గర్భిణులు 10,000 మంది అనుకోండి. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు వందమంది. 99 మందిని పట్టుకుంటుంది. వెయ్యికి ఒకరి చొప్పున పొరపాటున మరో పదిమందికీ ఉందంటుంది. 109 మందిలో 99 మందికి నిజం. ఇప్పుడు పాతికేళ్ళ గర్భిణులు 10,000 మంది. ఉన్నవాళ్ళు ఎనిమిది మంది, పొరపాటు పది. ఉందని వచ్చిన 18 మందిలో పదిమందికి అసలేమీ లేదు! అదే పరీక్ష, అదే లాబ్, అదే కాగితం. వయసును బట్టి కాగితం విలువ మారిపోయింది. అంచేత ఎన్ఐపీటీ ఎంత గట్టిగా చెప్పినా, నిర్ధారణ చేసేదాకా గర్భం జోలికి వెళ్ళకూడదు. నిర్ధారణంటే 11 నుంచి 14 వారాల మధ్య మాయ ముక్క తీసి చూడడం, లేదా 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి చూడడం. హైదరాబాదులో నిమ్స్ లాంటి చోట్ల దీనికోసమే జెనెటిక్స్ విభాగాలున్నాయి.

ఎన్ఐపీటీ అనగానే కొందరు మగవాళ్ళు ముందుకు వంగి, "అందులో ఇంకేమైనా కూడా తెలుస్తుందాండీ?" అని అడుగుతారు. తెలుస్తుంది, చెప్పరు, చెబితే జైలు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

సరే, మొదట్లో అడిగిన ఆ 26 వారాలు ఎలా అవుతాయో చూద్దాం. మన దగ్గర మూడో నెల దాటేదాకా కడుపు సంగతి ఎవరికీ చెప్పకూడదంటారు. పెద్ద వయసు కడుపైతే మరీను, దిష్టి భయం. ఆస్పత్రికి వచ్చేసరికే పద్నాలుగు వారాలు దాటిపోతాయి. ఎన్‌టీ కిటికీ మూసుకుపోయింది. నాలుగో నెలలో చేసే క్వాడ్రపుల్ పరీక్ష ఒకటుంది, పదింట ఎనిమిది పట్టుకుంటుంది. దాన్ని ఎవరూ రాయరు, ఎలాగూ ఐదో నెలలో టిఫా స్కాన్ ఉంది కదా అని. టిఫాను మనవాళ్ళు తుది తీర్పు అనుకుంటారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డల్లో దాదాపు సగం మందికి ఆ స్కాన్‌లో ఏమీ కనబడదు. మిగతా సగంలో గుండె లోపమో, ముక్కు ఎముక లేకపోవడమో కనబడి అనుమానం వచ్చేది 20వ వారంలో. అక్కడి నుంచి పెద్ద స్కాన్ కోసం పట్నం, ఇంట్లో పంచాయితీ, డబ్బు సర్దుబాటు, ఎన్ఐపీటీకి వారం పది రోజులు, ఉమ్మనీటి పరీక్షలో కణాలు పెరిగి రిపోర్టు రావడానికి రెండు మూడు వారాలు. కూడుకోండి. ఎవరూ ఆలస్యం చేయలేదు, ఎవరి పని వాళ్ళు చేశారు, 25, 26 వారాలు వచ్చేశాయి. అప్పుడు ఆమె నిర్ణయం కోర్టుకో, బోర్డుకో చేరుతుంది.

2021 సవరణతో గడువు కొన్ని వర్గాలకు 24 వారాలైంది. తీవ్రమైన లోపమని రాష్ట్ర వైద్య బోర్డు తేలిస్తే ఆపైన పరిమితే లేదు. ఈ సవరణ మంచిదే. కానీ బోర్డు ముందు నిలబడి కదులుతున్న బిడ్డ గురించి మాట్లాడడమూ, పన్నెండో వారంలో తన డాక్టరు ఎదుట కూర్చుని ఆలోచించుకోవడమూ ఒకటి కావు. గడువు పెంచడం వల్ల ఆలస్యం చట్టబద్ధమైంది, తగ్గలేదు.

పన్నెండో వారంలో ఆమెకు ఏం చెప్పాలి? పరీక్ష చేయించుకోమని కాదు. చేయించుకుంటే ఏం తెలుస్తుందో, ఏం తెలియదో, తెలిశాక ఏయే దారులున్నాయో చెప్పి, తెలుసుకోవాలని ఉందా అని అడగాలి. తెలుసుకోనక్కర్లేదనేవాళ్ళు ఉంటారు. పదిహేనేళ్ళు ఎదురుచూసిన ఒకామె నాతో, "ఏదొచ్చినా నా బిడ్డేనమ్మా, ఆ సంఖ్య నాకొద్దు" అంది. ఆమె తెలివితక్కువది కాదు. తనకు తెలిస్తే తను ఏం చేయగలదో, ఏం చేయలేదో ఆమెకు బాగా తెలుసు. గర్భం తీయించుకునే ఉద్దేశం లేకపోయినా తెలుసుకోవాలనేవాళ్ళూ ఉంటారు. దానికీ అర్థముంది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో సగానికి దగ్గరగా గుండె లోపంతో పుడతారు. ముందే తెలిస్తే కాన్పు ఎక్కడ జరగాలో, పిల్లల గుండె డాక్టరు ఎక్కడున్నారో చూసుకోవచ్చు. తీయించుకోవాలని నిశ్చయించుకునేవాళ్ళు చాలామంది. వాళ్ళనూ పాపపు చూపు చూసే హక్కు మనకు లేదు.

"మీరైతే ఏం చేస్తారమ్మా?" అని అడుగుతారు. నేను జవాబు చెప్పను. నా జీతం వేరు, నా ఇల్లు వేరు, నాకు ఆదుకునే తోబుట్టువులున్నారు. బదులుగా నేనొకటి అడుగుతాను: డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? చూడలేదంటారు ఎక్కువమంది. అంటే ఆమె కాదంటున్నదీ ఔనంటున్నదీ తను ఎన్నడూ చూడని మనిషిని. ఆ మనిషి గురించి మేము చెప్పేది కూడా పాఠ్యపుస్తకంలో ఫొటో కింద రాసిన లక్షణాల జాబితానే.

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. డెన్మార్కులో 2004 నుంచి ప్రతి గర్భిణికీ ఈ స్క్రీనింగ్ ఉచితంగా ఇస్తున్నారు. నూటికి తొంభై మందికి పైగా చేయించుకుంటారు, ఉందని తేలినవాళ్ళలో దాదాపు అందరూ తీయించుకుంటారు. 2019లో ఆ దేశం మొత్తం మీద డౌన్ సిండ్రోముతో పుట్టినవాళ్ళు 18 మంది. ఎవరూ బలవంతం చేయలేదు. ఇంగ్లండులో హైడీ క్రౌటర్ అనే డౌన్ సిండ్రోమ్ ఉన్న యువతి, తనలాంటి బిడ్డలైతే ఎన్ని నెలలకైనా గర్భం తీసేయవచ్చనే చట్టం తనను అవమానిస్తోందని కోర్టుకెక్కింది. 2021లో హైకోర్టు, మరుసటి ఏడు అప్పీలు కోర్టు కాదన్నాయి. తీర్పులతో నాకు పేచీ లేదు. కానీ కోర్టు దాకా వెళ్ళి తన మాట వినిపించిందే ఆ పిల్ల! మన డాక్టర్లలో ఎంతమందికి అలాంటి పిల్ల కోర్టుకెక్కగలదని తెలుసు?

అలాగని ముద్దుముద్దు బొమ్మ గీయను. ప్రేమమూర్తులు, దేవుడిచ్చిన బిడ్డలు అనే మాటలు నాకు నచ్చవు. వాళ్ళలోనూ మొండివాళ్ళుంటారు, అలిగేవాళ్ళుంటారు. నేర్చుకోవడం నెమ్మది. కొందరు పదో తరగతి దాకా వెళతారు, కొందరికి మాట స్పష్టంగా రాదు. ఎవరు ఏ దారిలో వెళతారో ఏ పరీక్షా చెప్పలేదు. థైరాయిడ్ చూస్తుండాలి, చెవులు చూస్తుండాలి. ఆయుర్దాయం బాగా పెరిగింది. సంపన్న దేశాల్లో 60 దాకా బతుకుతున్నారు. అంత బతికినవాళ్ళలో చాలామందికి మతిమరుపు జబ్బు మనకంటే ముందే వస్తుంది, దానికి సంబంధించిన ఒక జన్యువు ఆ 21వ క్రోమోజోము మీదే ఉంది.

లేటు వయసు తల్లికి దీనివల్ల ప్రత్యేకమైన ప్రశ్న ఒకటి వస్తుంది. 22 ఏళ్ళకు కన్న తల్లికి అది ఇంత త్వరగా రాదు. 42 ఏళ్ళకు కన్నామె, బిడ్డకు 35 వచ్చేసరికి 77లో ఉంటుంది. మా తర్వాత వీడికెవరు? ఓ.పి.లో ఈ ప్రశ్న ఎదురైతే మేము మౌనంగా ఊరుకుంటాం. ఊరుకోనక్కర్లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉంటుంది. బిడ్డకు 18 నిండాక చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి అది నియమిస్తుంది. నిరామయ అనే ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష దాకా ఇస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతోనే చూడాల్సిన లోపాల జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉంది, దానికి జిల్లా స్థాయి చికిత్స కేంద్రాలున్నాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ సంస్థ ఉంది. పిల్లల గుండె ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకాలున్నాయి. ఇవన్నీ చక్కగా నడుస్తున్నాయని నేనను. కొన్నిచోట్ల బోర్డు ఉంటుంది, థెరపిస్టు ఉండరు. అయినా ఇవి ఉన్నాయని చెప్పకుండా, గర్భం తీయించుకోవడానికి మాత్రం అడ్రసు రాసిచ్చే డాక్టరు ఆమెకు సగం సమాచారమే ఇచ్చినట్టు. రెండో సగం మాత్రమే చెప్పి, తీయించుకోవడమనే మాట ఎత్తని డాక్టరూ అంతే.

రద్దీలో ఇదంతా ఎవరు చెబుతారని నా తర్వాత మాట్లాడేవాళ్ళు అడుగుతారని తెలుసు. ప్రతి ఒక్కరికీ గంట కేటాయించమని నేను అడగడం లేదు. తొమ్మిది, పది వారాల్లో ఉన్నవాళ్ళను వారానికి ఒకరోజు ఇరవై మందిని కూర్చోబెట్టి, పరీక్షల సంగతి నర్సమ్మ ఒకరు తెలుగులో చెబితే సగం పని అయిపోతుంది. మిగిలిన ప్రశ్నలకు ఒక్కొక్కరూ లోపలికి వస్తే చాలు. మా డాక్టరమ్మ గారి పద్ధతిలో, ఒంటరిగా. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్న తల్లిదండ్రుల్లో మాట్లాడడానికి ఇష్టపడే ఇద్దరి ఫోన్ నంబర్లు, వాళ్ళ అనుమతితో, ఓ.పి.లో ఉంచాలి. ఆ పక్కనే దగ్గర్లోని జెనెటిక్స్ విభాగం నంబరు.

2016 నుంచి ప్రతి నెలా తొమ్మిదో తారీఖున గర్భిణులకు నిపుణులతో ఉచితంగా పరీక్షలు చేయించే కేంద్ర పథకం నడుస్తోంది. ఆ రోజు ఎంత జనం వస్తారో మీకు తెలుసు. కానీ అది నాలుగో నెలలోకి వచ్చినవాళ్ళ కోసం పెట్టిన రోజు. మూడో నెల లోపు ఉన్నవాళ్ళకు అలాంటి తారీఖు ఒకటి కావాలి. కనీసం మన రెండు రాష్ట్రాల్లోనైనా, కనీసం 35 దాటినవాళ్ళకైనా. దిష్టి తగులుతుందని ఊరందరి దగ్గరా దాచినా, ఆ కబురు ముందుగా తెలిసేది వీధిలో ఆశా కార్యకర్తకే. ఆమె చేతిలో ఇప్పుడున్న నమోదు కార్డులోనే వయసు గడి ఉంది. ఆ గడిలో 35 దాటిన అంకె పడగానే పన్నెండో వారం తేదీ పక్కన రాసి పంపమని ఆమెకు చెప్పాల్సినవాళ్ళు ఈ హాల్లోనే ముందు వరసలో కూర్చున్నారు. సభ అయ్యాక వాళ్ళతో మాట్లాడదామని ఆగుతున్నాను.